ఫ్యాక్షన్ అంటే అది కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

మాది తణుకు. మందుల షాపు నడుపుతాను. మీ పేపరు షాపుకి రోజూ వస్తుంది. మొన్న ఆదివారం సంచికలో కంప్యూటర్ ఆటల మీద వచ్చిన వ్యాసాన్ని కౌంటర్ మీద పరుచుకుని, మధ్యమధ్యలో బీపీ మాత్రలు, దగ్గు మందు ఇస్తూ రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఒళ్లు మండింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గానే ఉంటుంది, మన్నించండి.

ఆ వ్యాసంలో ఒక తండ్రి బాధ రాశారు. కొడుకు అర్ధరాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని స్నేహితులతో "నువ్వు ఏ ఫ్యాక్షన్‌లో చేరావురా", "వాళ్ల నాయకుణ్ణి ఎలా లేపేశావు", "ముందు విషం పట్టించి తర్వాత దూరం నుంచి కొట్టు" అంటున్నాడట. పక్క గదిలోంచి విన్న తండ్రికి గుండె ఆగినంత పనయిందట. అక్కడిదాకా ఆయన మీద నాకు జాలే. మీ వ్యాసకర్త అక్కడ ఆగలేదు. ఈ ఆటలు మన పిల్లలకు ఫ్యాక్షనిజం నేర్పుతున్నాయని తేల్చేశారు. పక్కన వేటకొడవలి బొమ్మ కూడా వేశారు. తర్వాతి పేరాలోనే రమ్మీ యాప్‌లు, అప్పులు, ఇల్లు తాకట్టు. అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు.

అయ్యా, ఆ ఆటల్లో ఫ్యాక్షన్ అంటే ఒక పక్షం, ఒక సంఘం. అంతే. మంత్రవిద్య నేర్పే కాలేజీ ఒక ఫ్యాక్షన్. కిరాయికి పోట్లాడే వీరుల బృందం ఒక ఫ్యాక్షన్. దొంగల సంఘం ఇంకోటి. ఆ మాటకు నాటు బాంబులూ సుమోలూ తగిలించింది మనం, మన సినిమాలు. ఈ సంగతి నాకు బుర్రకెక్కించింది హాస్టల్లో నా రూమ్మేట్, ప్రొద్దుటూరు అమ్మాయి. మొదటిసారి ఆట తెర మీద ఆ మాట చూసి నేనూ, ఇంకో రూమ్మేటూ దానివైపు తిరిగి పళ్లికిలించాం. "ఏమ్మే, మా ఊరి పేరు చెప్తే చాలు అందరూ అదే అడుగుతారు. ఆఖరికి అమెరికావాడి ఆటలోనూ మమ్మల్ని వదలరా?" అంది. సగం సరదాకే అంది. మిగతా సగం సరదా కాదని మాకు చాలా రోజులకు గాని అర్థం కాలేదు. మీ వ్యాసం పక్కన ఆ బొమ్మ చూసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది దాని మొహమే.

మేం ముగ్గురం 2012లో హైదరాబాద్ శివార్లలో బీఫార్మసీలో చేరాం. నేను తణుకు, ఒకమ్మాయి నర్సంపేట, ఒకమ్మాయి ప్రొద్దుటూరు. మా ఫ్లోర్‌లో పేర్లకంటే ఊర్లే ఎక్కువగా పలికేవి. "ఏయ్ తణుకూ, చార్జర్ ఇవ్వు" అంటే నేనే. సెకండియర్‌లో నర్సంపేట వాళ్ల అన్నయ్య పాత లాప్‌టాప్ పంపించాడు. అందులో స్కైరిమ్ అనే ఆట ఉంది. 2011 నవంబర్ 11న వచ్చిన ఆట అది. బెథెస్డా అనే అమెరికన్ కంపెనీ 1994 నుంచి నడుపుతున్న ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో ఐదోది. (పెన్‌డ్రైవులో వచ్చిన కాపీయే. తప్పే. సంపాదన మొదలయ్యాక డబ్బులు పెట్టి కొనుక్కున్నాను, ఆ పాపం అలా కడిగేసుకున్నాను.) ఆడేది ఒక్కరే. కాబట్టి తలా ఒక గంట, ఫోన్లో అలారం. ఒకరు ఆడుతుంటే ఇద్దరు మంచం మీద కూర్చుని సలహాలు. అసలు ఆట ఆ సలహాల్లోనే ఉండేది.

ఆట మొదలవడమే చేతులు కట్టేసిన ఖైదీలతో, ఒక బండి మీద. మీరూ అందులో ఉంటారు. పక్కన ఒకాయన నోటికి గుడ్డ కట్టి ఉంటుంది. ఆయన ఉల్ఫ్రిక్, తిరుగుబాటుదార్ల నాయకుడు. బండి హెల్గెన్ అనే ఊళ్లో ఆగుతుంది. సామ్రాజ్యం సైనికుడు ఒకడు జాబితా పట్టుకుని పేర్లు పిలుస్తాడు. మీ పేరు అందులో ఉండదు. "లిస్టులో లేడు, ఏం చెయ్యమంటారు" అని పైఅధికారిణిని అడిగితే, లిస్టు సంగతి పక్కనపెట్టి తల కొట్టించమంటుంది. లిస్టులో పేరు లేకపోతే పింఛను రాదనుకుంటాం, ఇక్కడ పేరు లేకపోయినా శిక్ష మాత్రం పడుతుంది. అంతలో డ్రాగన్ వచ్చి ఊరు తగలబెడుతుంది. అప్పుడు ఇద్దరు పిలుస్తారు. ఒకడు ఆ లిస్టు చదివిన హాడ్వర్, సామ్రాజ్యం మనిషి. రెండోవాడు రాలోఫ్, తిరుగుబాటు పక్షం. ఎవరి వెంట పరిగెత్తుతారో మీ ఇష్టం. తర్వాత తెలుస్తుంది, ఆ ఇద్దరిదీ ఒకే ఊరని. రివర్‌వుడ్ అనే చిన్న పల్లె. ఒకడి మేనమామ అక్కడ కమ్మరి, రెండోవాడి అక్క కోత మిల్లు నడుపుతుంది. ఇద్దరి ఇళ్లకూ మధ్య గట్టిగా పిలిస్తే వినపడేంత దూరం.

నేను హాడ్వర్ వెంట వెళ్లాను. నర్సంపేట రాలోఫ్ వెంట వెళ్లింది. ప్రొద్దుటూరు "ఎవరైతే ఏమి, తలుపు యాడుంది" అని ఎటు దారి దొరికితే అటు పోయింది.

ఇదంతా 2013 వర్షాకాలం సంగతి. జూలై 30న ఢిల్లీలో తెలంగాణ తీర్మానం అయింది. ఆగస్టులో మా వైపు ఎన్జీవోల సమ్మె, బస్సులు బంద్. సెప్టెంబర్ 7న ఎల్బీ స్టేడియంలో సమైక్య సభ, అదే రోజు తెలంగాణ బంద్. వార్డెన్ గేటుకు తాళం వేసింది. ఆ వెంటనే వచ్చిన వినాయక చవితికి బస్సు లేక, రైల్లో చోటు దొరక్క ఇంటికి వెళ్లలేకపోయాను. మెస్‌లో టేబుళ్లు విడిపోయాయి. ముందు రోజు దాకా కలిసి తిన్నవాళ్లు ప్లేట్లు పట్టుకుని అటొకరు ఇటొకరు కూర్చునేవాళ్లు. మా గదిలో మాత్రం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. భయం. ఎత్తితే ఎక్కడ ఆగుతుందో తెలీదు.

కానీ ఆటలోని స్కైరిమ్ దేశం సామ్రాజ్యం నుంచి విడిపోవాలా వద్దా అని మాత్రం రాత్రి రెండింటి దాకా పోట్లాడుకునేవాళ్లం.

కథ తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఆట మొదలవడానికి పాతికేళ్ల పైచిలుకు ముందు ఎల్ఫ్ అనే జాతి నడిపే థాల్మోర్ ప్రభుత్వానికీ సామ్రాజ్యానికీ పెద్ద యుద్ధం జరిగింది. నాలుగేళ్లు నడిచింది. చివరికి సామ్రాజ్యం సంధి చేసుకుంది. ఆ సంధిలో ఒక షరతు, టాలోస్ అనే దేవుణ్ణి పూజించకూడదని. స్కైరిమ్ జనం ఎక్కువగా కొలిచేది ఆయన్నే. ఉల్ఫ్రిక్ వాదన అదే, మా దేవుణ్ణి అమ్ముకున్న సామ్రాజ్యం మాకెందుకని. సామ్రాజ్యం వాదన కూడా తీసిపారేసేది కాదు. ఇప్పుడు విడిపోతే ఇద్దరం బలహీనపడతాం, అవతల థాల్మోర్ కాచుకుని ఉంది, కొన్నాళ్లు తల వంచి బలం పుంజుకుందాం అంటారు. నేను ఈ రెండోది చెప్పేదాన్ని. "గట్లనే చెప్తరు ఎప్పుడూ. ఇంకొన్ని రోజులు, ఇంకొన్ని రోజులు. ఎన్ని రోజులే?" అనేది నర్సంపేట. అది అడుగుతున్నది ఉల్ఫ్రిక్ గురించి కాదని నాకు తెలుసు. నేను జవాబిస్తున్నది సామ్రాజ్యం సేనను నడిపే టల్లియస్ దండనాయకుడి తరఫున కాదని దానికి తెలుసు. అయినా ఆ ముసుగు ఇద్దరికీ కావాల్సి వచ్చింది.

పోలిక కుదరదనుకోండి. అది మాకూ త్వరలోనే తెలిసొచ్చింది. నర్సంపేట తన పాత్రను డార్క్ ఎల్ఫ్‌గా చేసుకుంది, నిప్పు మంత్రాలు వేసే మాంత్రికురాలు. ఉల్ఫ్రిక్ దగ్గర చేరదామని విండ్‌హెల్మ్ నగరానికి వెళ్లింది. కోట గుమ్మం దాటగానే కనపడేదేమిటంటే, ఇద్దరు స్థానికులు ఒక డార్క్ ఎల్ఫ్ ఆడమనిషిని నిలబెట్టి, మీరు గూఢచారులు, మీరిక్కడ ఎందుకు అని బెదిరిస్తుంటారు. ఆ జాతి వాళ్లంతా ఒక మురికివాడలో ఉంటారు. బల్లిజాతి వాళ్లనైతే నగరంలోకే రానివ్వరు, రేవులో మూటలు మొయ్యాల్సిందే. నర్సంపేట చాలాసేపు మౌస్ ముట్టుకోలేదు. తర్వాత మెల్లగా అంది, "కొట్లాట కరెక్టే. లీడరే కరెక్ట్ లేడు." ఆ రోజు నేను గెలిచానని గంతులేశాను. వారం తిరక్కుండా నా వంతు వచ్చింది. సామ్రాజ్యం పక్షపు రాజధాని సాలిట్యూడ్‌లో అడుగుపెట్టగానే ఒక మనిషి తల నరుకుతున్నారు. అతని నేరం, ఉల్ఫ్రిక్ పారిపోవడానికి కోట తలుపు తెరవడం. అతని చెల్లెలి కూతురో అన్న కూతురో, చిన్న పిల్ల, గుంపులోంచి చూస్తోంది. "చెప్పవే తణుకూ, ఇదేంది?" అంటే ఏం చెప్పను?

ఇక పుస్తకాలు. ఆ ఆటలో అటకల మీద, బల్లల మీద వందల పుస్తకాలు దొరుకుతాయి, తెరిచి చదవొచ్చు. నా ఇంగ్లిష్ బాగుపడింది వాటివల్లే. ఒకటి ఉల్ఫ్రిక్ మార్కార్త్ అనే నగరాన్ని పట్టుకున్నప్పుడు చేసిన అఘాయిత్యాల గురించి. నేను అది చదివి వినిపించి, చూశారా మీ మహానుభావుడు అన్నాను. నర్సంపేట లాప్‌టాప్ లాక్కుని మొదటి పేజీ చూపించింది. రాసినవాడి పేరు కింద సామ్రాజ్యం పండితుడు అని ఉంది. పుస్తకం పేరులోనే ఉల్ఫ్రిక్ నేరాలు అని ఉంది. "గవర్మెంట్ జీతం తీసుకునేటోడు రాసిండు. గట్ల రాయక ఎట్ల రాస్తడు?" మరి ఎవరు రాస్తే నమ్ముతావు అని నేను. అప్పుడు స్కైరిమ్ రాజును ఉల్ఫ్రిక్ చంపిన సంగతి వచ్చింది. ఉల్ఫ్రిక్ తన మంత్రపు అరుపుతోనే రాజును ముక్కలు చేశాడని కొందరు, అరుపుతో పడగొట్టి కత్తితో పొడిచాడని ఉల్ఫ్రిక్. ఆ ఆస్థానంలో ఉన్న ఒక మాంత్రికురాలు ఇంకో మాట చెబుతుంది. కుర్ర రాజుకు ఉల్ఫ్రిక్ అంటే గౌరవమట. సూటిగా అడిగి ఉంటే రాజే విడిపోదామని ప్రకటించేవాడేమో అంటుంది. ఈ ఒక్క మాట మీద మూడు రాత్రులు గడిచాయి మాకు. అడిగి ఉంటే ఇచ్చేవాడా? అడగాల్సిన అవసరం ఎందుకుండాలి? ఇంటర్‌లో మాకు హిస్టరీ లేదు, బైపీసీ. ఒక సంఘటనకు నాలుగు సాక్ష్యాలుంటే ఏది ఎందుకు నమ్మాలో మాకు నేర్పినవాళ్లు లేరు. ఎవరూ నేర్పకుండానే అక్కడ నేర్చుకున్నాం.

ప్రొద్దుటూరు ఇన్నాళ్లూ వినేసి ఊరుకునేది. ఒకరోజు అలవాటుగా "మీ ఇద్దరిదీ అయిపోయిందా?" అని, అసలు మార్కార్త్ ఎవరిది అని అడిగింది. అక్కడ ముందు నుంచీ ఉన్నవాళ్లు వేరే జనం. యుద్ధం గొడవలో రెండేళ్లు తమ నగరాన్ని తామే ఏలుకున్నారు. ఉల్ఫ్రిక్ వచ్చి కొట్టేశాడు, సామ్రాజ్యం కళ్లు మూసుకుంది. వాళ్లిప్పుడు ఫోర్స్‌వోర్న్ అనే పేరుతో కొండల్లో దారిదోపిడీలు చేస్తున్నారు. వాళ్లేమీ సాధువులు కారు, మనిషి గుండె తీసి ముళ్లకాయ పెట్టుకునే రకాలు. కానీ ఆటలో ఎంత వెతికినా వాళ్ల పక్షాన యుద్ధంలో చేరే దారి ఉండదు. గనిలోని జైలు నుంచి వాళ్ల నాయకుణ్ణి తప్పించడం వరకే. "చూసినారా? మాకు ఆప్షనే పెట్టలా" అంది. కోస్తా, రాయలసీమ నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందం అనే మాట నేను మొదటిసారి విన్నది ఆ రాత్రే, దాని నోటివెంట. 1937లో ఏం రాసుకున్నారు, 1953లో కర్నూలుకు రాజధాని ఎలా వచ్చింది, మూడేళ్లకే ఎలా పోయింది, తాతగారి దగ్గర విన్నదంతా చెప్పింది. మేమిద్దరం నోరు మూసుకుని విన్నాం. అప్పటిదాకా ఈ గొడవకు రెండే వైపులు ఉన్నాయనుకున్నవాళ్లం మేం.

మీ వ్యాసంలో ఆ తండ్రిని భయపెట్టిన రెండో సంగతి, చంపడం గురించి చర్చలు. దాని గురించి కూడా చెబుతాను. బయటనుంచి వింటే ఘోరంగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. మా అమ్మ ఒకసారి ఫోన్లో నేను "గుడ్లగూబ చివర, ఎలుగుబంటి ముందు" అని అరవడం విని చేతబడి అనుకుంది. పాతాళంలోని ఒక తలుపుకు మూడు చక్రాలు, వాటి మీద జంతువుల బొమ్మలు. ఏ వరసలో తిప్పితే తెరుచుకుంటుందో తెలీక రెండు రోజులు కొట్టుకున్నాం. చేతిలో ఉన్న బంగారు పంజాను తిరగేసి చూస్తే అరచేతిలోనే వరస చెక్కి ఉంది. ఎలుగు, చిమ్మట, గుడ్లగూబ. "చేతిలో రాసిపెట్టుంటే లోకమంతా తిరిగినాం" అంది ప్రొద్దుటూరు.

నాది విలుకత్తె పాత్ర. చాటుగా నక్కి బాణం వేస్తే దెబ్బ రెట్టింపు, విద్య పెరిగాక మూడు రెట్లు. వెనక నుంచి బాకుతో పొడిస్తే, దానికి కావలసిన విద్య నేర్చుకుంటే, 15 రెట్లు. అయితే బాకుకు ఊపిరి వినపడేంత దగ్గరికి వెళ్లాలి. నాకంత ధైర్యం లేదు. అందుకని విషాలు. ఫార్మసీ పిల్లను, ఇంకేం చేస్తాను? ఆ ఆటలో ప్రతి దినుసుకూ నాలుగు గుణాలు. నోట్లో వేసుకుంటే మొదటిది తెలుస్తుంది, మిగతావి కలిపి చూసి కనుక్కోవాలి. ఒకే గుణం ఉన్న రెండు దినుసులు కలిస్తేనే మందు. గోధుమలూ, నీలం కొండపువ్వూ కలిపితే గాయాలు మానే మందు. వెల్లుల్లి, ఉప్పు కలిపితే మంత్రశక్తి త్వరగా తిరిగొచ్చే మందు. అదే ఉప్పుకు డెత్‌బెల్ పువ్వు కలిపితే శత్రువు కాళ్లీడ్చుకుంటూ నడిచే విషం. నా యుద్ధమంతా ఆ విషంతోనే. బాణానికి పూసి వెయ్యడం, వాడు నత్తలా వస్తుంటే వెనక్కి జరుగుతూ ఇంకో రెండు బాణాలు. మీ వ్యాసంలోని కుర్రాడు చెప్పింది కూడా ఇదే. వంటింట్లో ఉప్పు డబ్బా చూసినప్పుడల్లా నాకు ఆ పువ్వు గుర్తొచ్చేది. నైట్‌షేడ్ (మా పుస్తకాల్లో బెల్లడోనా) కూడా ఉంటుంది ఆటలో, ప్రాణానికి ముప్పు తెచ్చేదిగానే. మందు మొక్కల గురించి చదివే ఫార్మకాగ్నసీ ల్యాబ్‌లో బెల్లడోనా ఆకు చూపించి ఇదేమిటని అడిగితే క్లాసులో ముందు నోరు తెరిచింది నేనే.

అంత గర్వం పనికిరాదని పాత సమాధుల్లో తెలిసింది. అక్కడ లేచి తిరిగే శవాలకు విషం ఎక్కదు. ఇత్తడి యంత్రాలకూ ఎక్కదు. రక్తం ఉంటేగా ఎక్కడానికి. సీసాలన్నీ ఖాళీ చేశాక గాని ఈ సత్యం బోధపడలేదు. నర్సంపేట పక్కనుంచి "చచ్చినోనికి మందేందే, నువ్వేం ఫార్మసిస్టువే" అని ఒకటే నవ్వు. దాని లెక్క వేరు. నిప్పు అంటుకుంటే ఆగకుండా కాలుస్తుంది. మంచు శత్రువు దమ్ము తగ్గిస్తుంది. మెరుపు వాడి మంత్రశక్తి లాగేస్తుంది. కాబట్టి పెద్ద కత్తి ఊపేవాడికి మంచు, మాంత్రికుడికి మెరుపు. కానీ స్కైరిమ్ నార్డ్ జాతి వాళ్లకు చలి సగమే తగులుతుంది, మంచుదేశం కదా. శవాలకూ అంతే. అది తెలియకుండా చేతులు నొప్పెట్టేలా మంచు విసిరేవాళ్లు ఉంటారు. కొండ మీది మఠానికి ఏడు వేల మెట్లు ఎక్కుతుంటే దారిలో మంచు ట్రోల్ అనే రాక్షసి ఒకటి ఎదురవుతుంది. దానికి నిప్పు ఒక్కటే మందు. నేను దాని చేతిలో పదకొండుసార్లు చచ్చాను. పన్నెండోసారి యుద్ధం మానేసి బండల పక్కనుంచి పరిగెత్తాను. "అదీ ట్యాక్టిక్సే" అని ప్రొద్దుటూరు నాకు సర్టిఫికెట్ ఇచ్చింది.

ప్రొద్దుటూరుది ఆర్క్ జాతి పాత్ర. రెండు చేతుల ఖడ్గం, ఒంటి నిండా ఇనుము. రోజుకు ఒకసారి, ఒక నిమిషం పాటు పూనకం వస్తుంది. ఆ నిమిషంలో కొట్టే దెబ్బ రెట్టింపు, తగిలే దెబ్బ సగం. పూనకం ఎప్పుడు పిలవాలో దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. చిల్లర దొంగల మీద వాడదు. ఎంత బలమైన కవచం తొడిగినా దెబ్బలో 80 శాతానికి మించి తగ్గదని మాత్రం దానికి ఆలస్యంగా తెలిసింది. అప్పటికి రెండు రోజులుగా కొలిమి దగ్గరే కూర్చుని కవచానికి సాన పడుతోంది పాపం.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. రివర్‌వుడ్‌లో ఒక కోడి తిరుగుతూ ఉంటుంది. నేను చేతి తీట కొద్దీ దానికి బాణం వేశాను. ఊరు ఊరంతా కత్తులు తీసి మీద పడింది. గోదావరి జిల్లా దాన్ని, కోడి చస్తే ఇంత గొడవ ఉంటుందని కలగన్నానా? "పల్నాటి యుద్ధం కూడా కోడితోనే కదా" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

2014 ఫిబ్రవరి 18. లోక్‌సభలో విభజన బిల్లు. మెస్ టీవీ ముందు అందరం నిలబడ్డాం. ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. కాసేపటికి బిల్లు పాసయిందని స్క్రోలింగ్ వచ్చింది. మెస్‌లో ఒక సగం కేకలు, ఒక సగం మౌనం. మేం ముగ్గురం ఏం మాట్లాడకుండా పైకి వచ్చేశాం. ఏం చెయ్యాలో తోచక లాప్‌టాప్ తెరిచాం. ఆ రోజు వంతు ప్రొద్దుటూరుది. ఏ పక్షానా చేరనిది కాబట్టి దాని ఆటలో కొండ మీది మఠంలో శాంతి చర్చలు జరుగుతున్నాయి, అది మధ్యవర్తి. ఒక బల్లకు ఇటు టల్లియస్, అటు ఉల్ఫ్రిక్. థాల్మోర్ రాయబారి కూడా వచ్చి కూర్చుంది. ఆవిడ ఉంటే నేనుండనని ఉల్ఫ్రిక్ లేస్తాడు. తర్వాత మార్కార్త్ నాకివ్వండి అంటాడు. బదులుగా రిఫ్టెన్ అనే నగరం ఇస్తే సరిపోతుందా అని మధ్యవర్తినే అడుగుతారు. నర్సంపేట అటు కూర్చుంది, నేనిటు కూర్చున్నాను, మధ్యలో అది. నవ్వు రావడం లేదు ఎవరికీ. ప్రొద్దుటూరు మౌస్ పట్టుకుని, తెర వైపే చూస్తూ, "మార్కార్త్‌ను పదేళ్లు ఉమ్మడి రాజధాని చేద్దామా?" అంది.

ఎంతసేపు నవ్వామో తెలీదు. నర్సంపేట కళ్లలో నీళ్లు. నాకూనూ. నా కన్నీళ్లు మొత్తం నవ్వువి కావు, దాని కన్నీళ్లు కూడా కావేమో. ఆ రాత్రి మొదటిసారి ముసుగు తీసి మాట్లాడుకున్నాం, ఊళ్ల పేర్లతోనే. తెల్లారింది. ఆ ఉమ్మడి పదేళ్లు కూడా 2024 జూన్ 2తో అయిపోయాయి. మేం ఇప్పటికీ ఆదివారం రాత్రి షాపు షట్టర్ దించాక తొమ్మిదిన్నరకు ఫోన్లో కలుస్తాం.

ఈ ఆటలో చెడ్డ లేదని నేననను. థర్డియర్‌లో నాకొక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ పడింది, ఆటే కారణం, ఇంకెవర్నీ అనక్కర్లేదు. తల నరకడంతో మొదలయ్యే ఆట చిన్నపిల్లలకు కాదు. అమెరికాలో 17 ఏళ్లు నిండినవాళ్లకే అని డబ్బా మీదే వేస్తారు. మా మేనల్లుడికి పదేళ్లు, వాణ్ణి దాని దరిదాపుల్లోకి రానివ్వను. ఆ వ్యాసంలోని కుర్రాడు కూడా తెల్లవారుజాము మూడు దాకా మేలుకుంటుంటే తండ్రి మందలించాల్సిందే.

రమ్మీ మాత్రం వేరండీ. మా బంధువుల కుర్రాడొకడు అందులో మూడు లక్షలు పోగొట్టి, తల్లి గాజులు తాకట్టు పెట్టాడు. ఆవిడ నా షాపుకే వచ్చి నిద్రమాత్రలు అడిగింది, చీటీ లేకుండా ఇవ్వనని చెప్పి కూర్చోబెట్టి మాట్లాడాను. ఆ కుర్రాడు ఆట గురించి ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదట. ఫోన్ దుప్పటి కింద పెట్టుకుని ఒక్కడే. మేమేమో నోరు మూసుకుంటే ఒట్టు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆపాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం పందెం ఆటలను నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌నూ సరదా ఆటలనూ వేరుగా పెట్టింది. చట్టం రాసినవాళ్లు ఆ తేడా చూశారు. మీ డెస్క్‌లో కూడా ఎవరో ఒకరు చూడొచ్చు కదా?

అడిగేది రెండే. డబ్బులు పెట్టి ఆడేవాటిని జూదం అనే రాయండి, గేమింగ్ అని గౌరవించకండి. రెండోది, సినిమాకు ఆదివారం రెండు పేజీలిస్తున్నారు, బాగున్నదీ బాగోనిదీ చెబుతున్నారు. నెలకోసారి పావు పేజీ ఈ ఆటలకివ్వండి, ఆడినవాళ్లతోనే రాయించండి. కథ ఎలా ఉంది, ఏ వయసువాళ్లకు, ఎన్ని గంటలు తింటుంది, ఇదంతా తెలిస్తే ఆ తండ్రి కొడుకును ఏం అడగాలో ఆయనకు తెలుస్తుంది. "ఏ పక్షంలో చేరావురా, ఎందుకు?" అని అడిగి చూడమనండి. ఆ కుర్రాడు హెడ్‌ఫోన్ తీసి గంటసేపు చెప్పకపోతే నన్నడగండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తణుకు.

తా.క.: పోస్టు చేసే ముందు ఈ ఉత్తరం మిగతా ఇద్దరికీ ఫోన్లో చదివి వినిపించాను. ఉల్ఫ్రిక్‌కు అన్యాయం చేశానని నర్సంపేట అలిగింది. ప్రొద్దుటూరు అడిగింది ఒక్కటే, "ఆ వేటకొడవలి బొమ్మ మళ్లీ ఎయ్యరు కదా?" అని. వెయ్యకండి.